తువ్వాల కింద చెయ్యి

“తాతా, ఫోను ఇక్కడ పెడుతున్న. ఇగ చెప్పు. సర్కారు బడిల పక్కా నౌకరి ఉండంగ ఎందుకిడిసిపెట్టినవ్?”

ఎందుకిడిసిపెట్టిన్నంటె... ఆగు బిడ్డ, ఆ ఫోను ఇంక జర ముందలికి జరుపు. నా గొంతు అండ్ల పడ్తదా? పడకుంటె మల్ల మొదటికెల్లి చెప్పుడు నాతోని కాదు. మీ అవ్వ ఉన్నప్పుడు అంటుండె, ఈయన మాట్లాడుతుంటె పక్కింటోళ్ళు ఎవలో కట్టెలు కోస్తున్నరనుకుంటరు అని. ఆమె అన్నదాంట్ల అబద్ధమేం లేదు.

రికార్డు చేస్తె చెయ్యి, మంచిదే. మీ నాయినకు ఇనిపియ్యి. వాడు నా అన్న కొడుకు, నా భుజాల మీద కూసొని జాతరలు చూసినోడు. ఇంట్ల నీతోని ఏమంటుండో నాకు తెల్వదనుకున్నవా? ‘బడి ఇడిసిపెట్టి మా చిన్నాయిన ఏమైండు, ఎడ్ల దలాల్ అయిండు. బీయే చదివినోడు తువ్వాల భుజాన ఏసుకొని సంతల పేడ తొక్కిండు. నువ్వు గూడ టీచరు నౌకరి ఇడిసి గట్లనే అయితవా’ అంటుండట. అననియ్యి. మన ఇండ్లల్ల ఎవలన్న ఒకలు చెడిపోయినోళ్ళు ఉండాలె, పిల్లలకు చూపియ్యనీకి. ఆ జాగల నన్ను నిలవెట్టిండు. గంతే.

నువ్వు సోమవారం లోపట చెప్పాలె గద ఆ షోరూమోళ్ళకు, వస్తవో రావో. ట్రాక్టర్ల షోరూం అని నా ముందల చెప్పనీకి జంకుతున్నవ్, అది గూడ చూసిన. చిరాగ్‌పల్లి రోడ్డు మీద అద్దాల బంగ్లా, ముందల ఎర్ర ట్రాక్టర్లు పెండ్లికి పోయేటోళ్ళ లెక్క వరుసకు నిలబడి ఉంటయ్, అదే కదా? నాకు కోపమేం లేదు. ఎడ్లు పోయినయ్, ట్రాక్టర్లు వచ్చినయ్. ఎండకాలం పోతె వానకాలం రాదా. ఎవలి మీద కోపం జేస్తం?

సరే, అడిగింది చెప్పాలె. ఎందుకిడిసిన.

బిడ్డ, నాకు అప్పట్ల గొంతు ఉండె. ఇప్పుడు నువ్వు నమ్మవ్. న్యాల్‌కల్ దిక్కు ఒక ఊర్ల నాకు నౌకరి. రోడ్డు దిగినంక నడుసుకుంట పోవాలె, వానకాలం ఆ నల్లరేగడిల చెప్పులు చేతుల పట్టుకొని పోతుంటి. లెక్కల సారును. ఆ ఊర్ల పిల్లలు ఇంట్ల కొందరు కన్నడం మాట్లాడుతరు, కొందరు ఉర్దూ, తండా నుంచి వచ్చేటోళ్ళది వాళ్ళ భాష. బడిల తెలుగు. ఏ భాషోనికైన అర్థమయ్యేది ఒక్కటే ఉండె, ఎక్కాలు. అందుకని నేను ఎక్కాలు మొత్తుకొని చెప్పిస్తుంటి. నేనొక లైను, వాళ్ళొక లైను. ఊరి బయట బోరింగు కాడ నీళ్ళు వట్టే ఆడోళ్ళకు ఇనొస్తుండె. శరణప్ప అని ఒక పిల్లగాడు ఉండె నా క్లాసుల, వాని ముచ్చటే చెప్పాలె నీకు, వాళ్ళ అమ్మ బడి ఎనక ఇంట్ల బియ్యంల రాళ్ళు ఏరుకుంట మా ఎక్కాలు ఇని ఇని పదమూడో ఎక్కం నేర్చుకున్నది. అక్షరం రాదు ఆమెకు. దుకాణంల సేటు లెక్క తప్పు జేస్తె ఆమె ముందలనే చెప్పేస్తుండె. ‘నాకేం తెల్వదయ్యా, సార్ మొత్తుకుంటడు, నేను ఇంట’ అంటుండె.

ఆ ఊర్ల హోటల్ల చారాణకు చాయ్, బఠాణీలు ఉట్టిగనే పెడ్తుండె. నా దగ్గర పైసల్ తీస్కోకపోతుండె హోటలాయన. ‘మీరు చాయ్ తాగుతె మా పిల్లల ఎక్కాలకు గొంతు’ అంటుండె. గట్ల మర్యాద ఉండె. జీతం తక్కువనే, గని మీ అవ్వ ఆ ఊరికొస్తె బస్సు దిగిన కాడికెల్లి ఇంటిదాంక ‘సారమ్మ, సారమ్మ’ అని పలకరిస్తుండ్రి. ఆమె కొంగు సదురుకొని నడుస్తుండె. ఆ నడక నాకు ఇప్పటికీ... సరే ఇడువు.

గొంతు ఎప్పుడు పోయిందో చెప్పలేను. ముందల సర్ది అనుకున్న. మిరియాల కషాయం, పటికబెల్లం, తేనె, అన్ని అయినయ్. తెల్లారి బాగుంటది, పగటాల్లకల్ల గీరుకపోతది. చాక్‌పీసు దుమ్ము అన్నరు ఒకలు. దిష్టి అన్నరు ఒకలు. ఆఖరికి హైద్రబాద్ల పెద్ద దవాఖానకు పోతె, అద్దం లోపటికి వెట్టి చూసి, జొన్నగింజంత గడ్డ ఉన్నది అన్నడు డాక్టరు. కోసి తీసిన్రు. పానానికి ఫికర్ లేదన్నరు. గని డాక్టరు నా కండ్లల్లకు చూడకుంట, చేతులు కడుక్కుంట చెప్పిండు. ‘మాస్టారూ, ఇక మీదట గొంతు పెంచొద్దు. జీవితంల’ అని.

లెక్కల సారు గొంతు పెంచకుంటె ఎట్ల బిడ్డ? అదే పని కద.

మల్ల బడికి పోయిన. నోరు తెరిస్తె ఈ రంపం చప్పుడు. ఎనక బెంచీల దాంక పోదు. నేనేమనుకున్న, పిల్లలు అల్లరి చేస్తరు, నవ్వుతరు, రెండు రోజులల్ల హెడ్మాష్టరు కాడికి ఫిర్యాదు పోతది అనుకున్న. గట్ల కాలే. క్లాసంత సప్పుడు బంద్ అయింది. నేను గొణిగేది ఇననీకి పెన్సిల్ గూడ కింద పెడ్తలేరు. ఈగ వాలితె ఇనొస్తుండె. హెడ్మాష్టరు వరండాలకెల్లి పోతుంటె ఆగి చూసి, ‘ఏం సార్, క్రమశిక్షణ బ్రహ్మాండంగ ఉన్నది’ అన్నడు. నేను నవ్విన.

నవ్వుడు గంతవరకే. తరువాత ఏమైందంటె, ఆ శరణప్పనే మొదలువెట్టిండు. ఒక లెక్క అడిగిన. వాడు లేసి, చేతులు కట్టుకొని, నా లెక్కనే గుసగుస జవాబు చెప్పిండు. నేను ఎక్కిరిస్తుండేమో అనుకున్న ఒక్క నిమిషం. మొఖం చూస్తె అట్ల లేదు. గుడిల దీపం ముందల నిలవడ్డట్టు నిలవడ్డడు. మల్ల ఇంకొకడు. తెల్లారి ఇంకిద్దరు. వారం తిరగకముందే క్లాసంత గుసగుస. సార్‌కు గొంతు లేనప్పుడు మనం గట్టిగ మాట్లాడుడు మర్యాద కాదు అని వాళ్ళల్ల వాళ్ళే అనుకున్నరట. ఎవలు చెప్పలే వాళ్ళకు. ఎక్కాలు గూడ గుసగుసనే. ఆ పదమూడో ఎక్కం, బోరింగు దాంక పోయేది, గడప దాటుతలేదు.

ఒకనాడు శరణప్ప అమ్మ వచ్చింది బడికి. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ‘సార్, మా పోరడు ఇంట్ల గూడ గట్లనే మాట్లాడుతుండు. ఎడ్లను అదిలియ్యమంటె ఎద్దు చెవుల గుసగుస చెప్తుండు. ఏదన్న పట్టిందేమో అని దర్గాకు పోయి తాయత్తు కట్టించిన. ఏం గుణం లేదు’ అన్నది. ఇప్పుడు నవ్వొస్తది. నువ్వు నవ్వినవ్ చూడు. అప్పుడు నాకు నవ్వు రాలే.

గప్పుడే ఇన్స్‌పెక్షన్ వచ్చింది. పెద్దసారు క్లాసుల కుర్చీల కూసొని ఒక పిల్లను లేపి, పన్నెండు ఎనిమిదులు ఎంత అన్నడు. ఆ పిల్ల నన్ను చూసుకుంట గుసగుస చెప్పింది. ‘గట్టిగ’ అన్నడు. మల్ల గుసగుస. ఇంకొకన్ని లేపిండు. వాడూ గంతే. ఆయనకు మొఖం ఎర్రగైంది. ‘ఏందిది, నాటకమా? నన్ను ఎక్కిరిస్తున్నరా’ అని బల్ల మీద చెయ్యి ఏసిండు. నేను లేసి, లేదు సార్, తప్పు పిల్లలది కాదు, అని చెప్పవోయిన. నా గొంతు ఇన్నడు ఆయన. చెయ్యి గట్లనే బల్ల మీద ఉండిపోయింది. కొద్దిసేపటికి ఇంకో పిల్లగాన్ని పిలిచిండు. ఏమడిగిండో తెల్వది గని, ఆయన గూడ గుసగుసనే అడిగిండు.

అగో, ఆ రోజు అనుకున్న, ఇగ నేను ఈ బడిల ఉండొద్దని.

ఆయన మంచోడే. పోయేటప్పుడు పక్కకు పిలిచి, దరఖాస్తు వెట్టుకో, ఆఫీసుల కూసొనే పని ఏదన్న చూద్దామన్నడు. నాకు మనసు ఒప్పలే. ఉంటె పిల్లల్ల ఉండాలె, లేకుంటె ఆ దిక్కే చూడొద్దు. కిటికీలకెల్లి బడి గంట ఇనుకుంట ఫైళ్ళు మోసుడు నాతోని కాదు. రాజీనామా రాసిచ్చిన. మీ ముత్తాత అప్పటికి బతికే ఉన్నడు, నెల రోజులు నాతోని మాట్లాడలే. ఇంట్ల ఇద్దరం మూగోళ్ళమే.

ఆఖరి రోజు పిల్లలకు చెప్పిన, రేపటి సంది రాను, కొత్త సార్ వస్తడు, ఆయనకు గొంతు ఉన్నది, గట్టిగ చెప్పాలె మీరు, అని. వాళ్ళందరు, ‘అచ్చా సార్’ అన్నరు. గుసగుస. కొందరు ఏడ్చిన్రు. ఒక్కరన్న గట్టిగ ఏడ్వలే బిడ్డ. ఏడుపు గూడ నా గొంతుతోనే ఏడ్చిన్రు.

జర నీళ్ళియ్యి. ఆ చెంబు కాదు, ఆ స్టీలు గిలాస. ఆఁ.

మల్ల ఏం చేద్దాం అంటె ఏం తోచలే. ట్యూషన్ అన్నరు, దానికీ గొంతే కావాలె. కిరాణ దుకాణం వెడ్దామన్నది మీ అవ్వ. పాలకు ఒక బర్రె ఉంటె ఆసరా అయితదని జహీరాబాద్ సంతకు పోయిన. సంత అంటె ఇప్పటి సంత కాదు. తెల్లారకముందే కర్ణాటక దిక్కు నుంచి ఎడ్లు, బర్లు, దుమ్ము లేసి పొద్దు గూడ కనిపియ్యకపోతుండె. ఆ లొల్లిల ఒక కాడ ఇద్దరు మనుషులు సప్పుడు చెయ్యకుంట నిలబడి ఉన్నరు. ఇద్దరి చేతుల మీద ఒక గళ్ళ తువ్వాల కప్పి ఉన్నది. ఒకాయన నెత్తి అడ్డం ఊపుతడు, ఒకాయన కండ్లు మూసుకుంటడు. నోరు మెదపరు. కొద్దిసేపటికి తువ్వాల తీసిన్రు, ఎద్దు తోలుకపోయిన్రు. బేరం అయిపోయింది.

ఆ తువ్వాల ఖాజా మియాది. సంతల పెద్ద దలాల్. మెహిందీ వెట్టిన ఎర్ర గడ్డం. ఆయనే చెప్పిండు నాకు. తువ్వాల కింద వేళ్ళు వట్టుకుంటె ధర అన్నట్టు. ఏ వేలు వడితె ఎంత అన్నది అందరికి ఎరికే. గని తువ్వాల కింద ఏ వేలు వట్టిన్రో, సుట్టు వందమంది నిలవడ్డా ఎవలికి తెల్వది. అమ్మేటోని పరువు, కొనేటోని పరువు తువ్వాల కింద దాగుతది. తక్కువకు అమ్ముకున్నడని ఊర్ల ఎవలూ అనరు. నేనేదో అడిగితె నా గొంతు ఇని, నెత్తి మీది టోపి సదురుకొని అన్నడు, ‘సార్, మీ గొంతు మా పనికి పుట్టింది. పక్కనోనికి గూడ ఇనరాదు. రాండ్రి, వేళ్ళు నేర్పిస్త’ అని. పరాష్కం ఆడిండు. నేను నిజమనుకున్న. మల్ల వారం పోయిన. ఆ మల్ల వారం గూడ పోయిన.

బర్రెను కొనుడు ఎన్నడో మర్చిపోయిన.

ఎద్దు పండ్లు చూసి వయసు చెప్పుడు, గిట్టలు చూసుడు, నడిపిచ్చి చూసుడు, ఒంటి మీది సుడులు చూసుడు, అన్ని నేర్పిండు ఖాజా మియా. పండ్లు లెక్కపెట్టుడు నాకు తొందరగ వచ్చింది, లెక్కల సారును కద. సంతల నన్ను ‘దలాల్ సార్’ అంటుండ్రి. సార్ అన్న మాట ఇడువలే, ముందల దలాల్ తగిలిచ్చిన్రు. మీ అవ్వ తమ్ముడు ఒక పెండ్లిల అందరి ముందల అన్నడు, ‘బావా, పిల్లగాని నోరు తెరిచి పండ్లు చూసి చెప్పరాదు, పిల్లనియ్యచ్చో లేదో’ అని. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన, నా నవ్వు ఎట్లాగు ఇనరాదు. మీ అవ్వ విస్తరి ముందలకెల్లి లేసి, చెయ్యి కడుక్కొని, బస్టాండుకు నడిసింది. ఆ తరువాత ఆమె వాళ్ళ తల్లిగారింటి శుభకార్యాలకు పోవుడు తగ్గిచ్చింది. ఎందుకు పోవు అని నేను అడగలే. ఆమె చెప్పలే. మన ఇంట్ల తువ్వాల లేకుంటనే బేరాలు అయితుండె.

పని అయితె మంచిదే. తిండికి తక్లీఫ్ కాలే. ఆ పైసలతోనే మీ నాయిన ఐటీఐ ఫీజు గూడ కట్టిన. అది వానికి యాదికి లేదు. యాది చెయ్యకు. నేను దాని కోసం చెప్తలేను.

ఆఁ, శరణప్ప ముచ్చట.

శానేండ్లయింది అప్పటికి. సంతకు ఎడ్లు తక్కువొస్తున్న కాలం. ఒకనాడు దుమ్ములకెల్లి ఒక మనిషి గొంతు ఇనొచ్చింది, ‘హోయ్, హో హో, పక్కకు జరుగుండ్రి’ అని. సంతంత ఇనొచ్చేటట్టు. అబ్బ, ఏం గొంతు బిడ్డ. నా పాత గొంతు నాకే ఎదురొచ్చినట్టయింది. చూస్తె దేవని జాతి ఎడ్లు, తెల్లటి ఒళ్ళు, నల్లటి మొఖాలు, ఆ జత ఎనక పెద్ద మీసాల మనిషి. నుదురు చూసి గుర్తువట్టిన. శరణప్ప. నా పానం సల్లవడ్డది. తాయత్తు పని చేసిందో, కొత్త సార్ పని చేసిండో, పిల్లగాని గొంతు వానికి మల్ల వచ్చింది. అన్నేండ్లు నాకు తెల్వకుంటనే ఆ ఒక్క ఫికర్ మోసుకుంట తిరిగిన. అది దిగిపోయింది అనుకున్న.

వాడు నన్ను చూసిండు. ఎడ్లను ఆపిండు. దగ్గరికొచ్చి కాళ్ళకు వంగి, లేసి, ‘సార్’ అన్నడు.

గుసగుస.

మీసాల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. సంతంత దద్దరిల్లిన గొంతు, నా ముందలికి రాంగనే ఆరో తరగతి గొంతైంది. ‘సార్, ఎడ్లు అమ్మాలె. బోరు ఎండింది, పొలం కౌలుకిచ్చిన. మీరే ఇప్పియ్యాలె. ఇంకొకల చేతిల పెట్ట’ అన్నడు. అంత గుసగుసనే.

వద్దురా, ఖాజా మియా కాడికి పో, అని ఎంతో చెప్పిన. ఇనలే. హుమ్నాబాద్ దిక్కు రైతు ఒకాయన అప్పటికే ఆ జతను చూసి కండ్లు పెద్దగ చేసుకొని నిలవడ్డడు. సరే అని తువ్వాల తీసిన. శరణప్ప చేతి మీద కప్పి, లోపట చెయ్యి పెట్టిన.

నీకు ఇది చెప్పాలె. అమ్మేటోని చెయ్యి తువ్వాల కింద ఎట్లుంటదంటె, పిడికిలి లెక్క ముడుచుకొని ఉంటది. వేళ్ళు లోపటికి దాసుకొని ఉంటది. దలాల్ ఒక్కొక్క వేలు పట్టి గుంజి, ఇంత అంటె, వాడు చెయ్యి ఇదిలిస్తడు. మల్ల వట్టాలె. ఆ గుంజులాటనే బేరం. ‘ముట్టి బిగిస్తనే ధర’ అంటుండె ఖాజా మియా. నేను చెయ్యి పెట్టంగనే ఏం తగిలిందో తెలుసా? శరణప్ప అరచెయ్యి. పైకి తిరిగి, నిండుగ తెరిచి ఉన్నది. అప్పట్ల మేము ‘చెయ్యి చాపురా’ అంటె, బెత్తం కోసం చాపేటోళ్ళు చూడు, గట్ల. వేళ్ళు ఒక్కటి గూడ ముడువలే. నేను ఏ వేలు వట్టినా ఆ వేలు నా చేతిల గట్లనే ఉంటది.

‘బేరం జెయ్యిరా, నీ ఎడ్లురా’ అన్న. ‘మీరెంతంటె అంత సార్’ అన్నడు. నేలకు చూస్తుండు.

తువ్వాల తీస్కపోయి ఆ రైతు చెయ్యి వట్టిన. ఆయన చెయ్యి గుండ్రాయి లెక్క బిగిసి ఉన్నది. ఒక ధర చెప్పిండు. మల్ల వీని కాడికొచ్చిన. వీని చెయ్యి తెరిచే ఉన్నది. వీడు కాదనడు, ఇంకింత అనడు. నేనే వీని తరఫున కాదన్న, నేనే ఆయన కాడికి పోయి ఇంకింత అన్న. మల్ల ఆయన తరఫున వీని కాడికొచ్చిన, మల్ల నేనే వద్దన్న. ఒక్కన్నే రెండు దిక్కుల గుంజుకున్న. ఆ రైతు చూసి చూసి, ‘ఏం సార్, మీరు దలాలా, ఎడ్లు మీయేనా’ అన్నడు. జర ఎక్కువనే ఇప్పిచ్చిన. ఎక్కువనే అనుకుంట. గని బిడ్డ, నాకు ఇప్పటికీ ఒక శంక. వాడు నాది కాకుండ ఇంకొకల చెయ్యి వట్టుకొని, ముట్టి బిగిచ్చి, ఆ గొంతుతోని ఒక్కసారి ‘నై’ అని ఉంటె, ఎంత పలుకుతుండెనో. నేను సారును అయినందుకు వానికి తక్కువొచ్చింది. నేను మోసం చెయ్యలే, వాడు మోసపోలే. అయినా తక్కువొచ్చింది. ఎవలను అడుగుతం?

ఎద్దును అమ్మినోడు పగ్గం ఇయ్యడు, నీకెరికేనా? కొన్నోడు తన పగ్గం తెచ్చుకోవాలె. అమ్మినోడు పాత పగ్గం ఇప్పుకొని ఇంటికి తీస్కపోతడు, లేకుంటె ఇంట్ల లక్ష్మి గూడ ఎద్దెంబడే పోతది అంటరు. శరణప్ప ఎడ్ల మెడలల్లకెల్లి పగ్గాలు ఇప్పి భుజాన ఏసుకున్నడు. నేను అన్న, ఇంట్ల ఎడ్లు లేవు, కట్టనీకి కొట్టం లేదు, ఏం చేస్తవురా వాటిని అని. ‘ఉండనియ్యుండ్రి సార్. ఎడ్లు పోయినయ్ గని నేను రైతునే గద’ అన్నడు. నేను దలాలి పైసలు తీస్కోలే, చాయ్ తాపిచ్చిన. బస్సెక్కిండు. కిటికీలకెల్లి నాకు దండం పెట్టి, డ్రైవర్‌ను మాత్రం, ‘జర ఆపన్నా, మా ఊరాయన ఎక్కుతుండు’ అని గట్టిగ కేకేసిండు. ఆ కేక ఇని నేను అక్కడనే నిలవడ్డ, బస్సు పోయినంక గూడ.

ఆ తరువాత ఆ ఊరోళ్ళు ఎవలొచ్చినా నా తువ్వాల కింద చెయ్యి పెట్టనియ్యలే. ఖాజా మియా కాడికి పంపిన. ఆయనకు కోపమొచ్చింది, ‘గిరాకి అంత నాకు పంపిస్తె నువ్వేం తింటవ్ సార్’ అన్నడు. ఏం తింట. ఉన్నది తిన్న. మెల్లగ సంతనే తక్కువైంది. ఆఖరికి మేకలు, నాలుగు బర్లు, ఎవలన్న ఒక ముసలాయన తెచ్చిన ఎద్దు. గంతే.

ఖాజా మియా పానం పోయే ముందల దవాఖానకు పోయి చూసిన. పక్షవాతం, నోరు పడిపోయింది. దుప్పటి కింద చెయ్యి పెట్టిన, అలవాటు కద. నా వేళ్ళన్ని ఒక్కసారే వట్టుకున్నడు. మా భాషల దానికి అర్థం పెద్ద ధర అని. మల్ల ఇడిసిపెట్టిండు. ఆ భాషల అంకెలే ఉన్నయ్ బిడ్డ. పోయొస్త అననీకి మాట లేదు.

ఇప్పుడు నీ ముచ్చట. నువ్వన్నవ్ కద మొన్న, మీ బడిల గోడకు పెద్ద టీవీ బోర్డు వెట్టిన్రు, అదే పాఠం చెప్తది, నేను మీట నొక్కుత అని.

“పిల్లలు నా దిక్కు చూడనే చూడరు తాతా.”

ఆఁ. చూడరు. నా గొంతు గడ్డ తిన్నది, నీ గొంతు గోడ తిన్నది. నీకన్న నాకే నయముండె, నా పిల్లలు నా దిక్కు చూసిన్రు. జర ఎక్కువనే చూసిన్రు. ఇడిసిపెట్టు అని నేను చెప్ప. ఉండు అని గూడ చెప్ప. ఇడిసినంక సుఖపడ్డనా అంటె లేదు. ఉంటె సుఖపడుతుంటినా అంటె, అదీ లేదు. షోరూంల అయినా నిన్ను ‘టీచరమ్మ’ అనే పిలుస్తరు చూడు, నీ దగ్గర చదివిన పిల్లల నాయినలే ట్రాక్టర్ కోసం వస్తరు. వాళ్ళు నీ ముందల చెయ్యి తెరిచి పెడ్తరు. గప్పుడు తాత చెప్పింది యాది చేసుకో. వాళ్ళతోని ముట్టి బిగిపియ్యి. అడుగుండ్రి, బేరం జెయ్యుండ్రి, టీచరమ్మ అని మొహమాటం వడకుండ్రి అని చెప్పు. నీ నౌకరికి అది పడుతదో పడదో తెల్వది.

ఇంకొకటి. నిన్న నువ్వు మీ నాయిన ముందల మాట్లాడంగ చూసిన నేను, గడపల కూసొని. వాడేదో అంటుండు, నువ్వు నేలకు చూసుకుంట, ‘అది కాదు నాయినా’ అని గుసగుస. ఆ గుసగుస నాకు ఎరికే బిడ్డ. అది నా క్లాసుది. ఎక్కడ ఇన్నా గుర్తువడ్త.

మొదలు అన్న కద, ఇది మీ నాయినకు ఇనిపియ్యి అని. వద్దు. ఇనిపియ్యకు. నా రంపం గొంతుల నీ మాట దాసిపెట్టుకోకు. ఉంట అంటె ఉంట అని చెప్పు, పోత అంటె పోత అని చెప్పు, ఏదైనా నీ ఇష్టం, గని నీ గొంతుతోని చెప్పు. బోరింగు కాడ నీళ్ళు వట్టేటోళ్ళకు ఇనరావాలె. వాడు కోపం జేస్తడు, చెయ్యనియ్యి. నా మీద గూడ చేస్తడు. నాకేం కొత్త.

సల్లగుండు బిడ్డ. నీ గొంతు సల్లగుండాలె. నువ్వు మొత్తుకుంటె ఇనేటోళ్ళు ఉండాలె, నిన్ను చూసి నోరు మూసుకునేటోళ్ళు కాదు.

ఇగ ఆ ఫోను బంద్ చెయ్యి. చేసినవా? ఏదీ, ఆ ఎర్రచుక్క ఇంక మెరుస్తనే ఉన్నది... జర చూడు...